గేటు దగ్గర పావుగంట

పేరయ్య పని

రిటైరై బీదర్‌లో స్థిరపడినప్పటి నుంచి నా దగ్గరికి పిల్లలు వస్తున్నారు. ఎం.బి.ఎ. చదివినవాళ్లు, సి.ఎ. రాస్తున్నవాళ్లు, ఒక్కోసారి వాళ్లను వెంటబెట్టుకుని తండ్రులు. అడిగేది దాదాపు ఒకటే. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఉండాలా, ప్రైవేట్ ఈక్విటీలోకి మారాలా, ఊరు మారమంటే మారాలా? దేంట్లో జీతం ఎక్కువో నాకంటే వాళ్లకే బాగా తెలుసు కాబట్టి ఆ సంగతి నేనెత్తను. నా ప్రమోషన్ల జాబితా కూడా చదవను, అది విని బాగుపడినవాళ్లు ఎవరూ లేరు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. చెప్పడానికి గంట పడుతుంది, మధ్యలో రెండుసార్లు టీ పెట్టాలి. రాసిపెడితే టీపొడి అయినా మిగులుతుందని ఇది రాస్తున్నాను.

ముందు ఈ రెండు పనుల తేడా చెప్పాలి. బ్యాంకర్ అంటే పెళ్లిళ్ల పేరయ్య. ఒక కంపెనీకి డబ్బు కావాలి, ఇంకొకరి దగ్గర డబ్బుంది. ఇద్దరినీ కలిపి, ఇవతలివాళ్ల గుణాలు అవతలివాళ్లకు నాలుగు ఎక్కువచేసి చెప్పి, ముహూర్తం పెట్టించి, విందు తిని, తన సంభావన తాను పుచ్చుకుని వచ్చేస్తాడు. తర్వాత వాళ్లు కాపురం చేశారో కొట్టుకున్నారో అతనికి అక్కర్లేదు. ప్రైవేట్ ఈక్విటీ అంటే ఇల్లరికం. మనల్ని నమ్మినవాళ్ల సొమ్ము తీసుకెళ్లి ఒక కంపెనీలో వాటా కొంటాం. అయిదేళ్లో ఏడేళ్లో ఆ ఇంట్లోనే ఉంటాం. వాళ్ల గొడవలన్నీ మనవే. కంపెనీ పెరిగాక మన వాటా అమ్ముకుని బయటికి వస్తాం. పదమూడేళ్లు పేరయ్యగా తిరిగిన మనిషి ఒక్క రోజులో ఇల్లరికానికి పనికిరాదు. నేను అసలే పనికిరాలేదు.

ముంబయిలో నాకు పని నేర్పిన బాస్ చాలా తెలివైనవాడు, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆయన సూట్‌కేసు ఎప్పుడూ తలుపు పక్కనే ఉండేది. క్లయింటు దగ్గర రెండో కప్పు టీ తాగావంటే నీ ఫీజు తగ్గించుకున్నట్టే అనేవాడు. సొంత ఊరివాళ్లు ఎదురైతే ఊరు పేరు చెప్పకు, చెబితే పనికి ముందు సిఫారసులు వస్తాయి అనేవాడు. ఫ్యాక్టరీ చూడాలంటే చెప్పకుండా వెళ్లు, కళ్లతో చూడు, మాటలు నమ్మకు అనేవాడు. ఇవన్నీ నాకు వేదవాక్కులు. ఆ ఊళ్లో ఆ పనికి అవి బాగానే పనిచేశాయి కూడా.

పెట్టెలు విప్పని ఇల్లు

నాకు హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆ ఊరు పొంగుతున్న పాలలా ఉంది. ఎటు చూసినా క్రేన్లే. మాదాపూర్‌లో నిన్న బండరాళ్లున్న చోట ఇవాళ అద్దాల మేడ లేచేది. కొత్త విమానాశ్రయం కడుతున్నారు. ఇంటి యజమాని అడ్వాన్సు తీసుకున్న వారానికే అద్దె తక్కువ చెప్పానని బాధపడిపోయేవాడు. అక్కడ కొత్తగా పెట్టిన ఒక ఫండు మధ్యతరహా కంపెనీల్లో డబ్బు పెడుతోంది. దాని పెద్ద శేషగిరి గారు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతారు, గట్టిగా పని చేయిస్తారు. తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ వచ్చిన బ్యాంకర్ దొరకడమే గొప్ప అనుకుని నన్ను తీసుకున్నారు. బీదర్‌లో పుట్టినవాళ్లకు ఆ నాలుగూ రావడం పెద్ద విద్య కాదని నేను ఆయనకు చెప్పలేదు.

ఒప్పుకున్నాను గానీ మకాం మార్చలేదు. మా ఆయన ప్రభాకర్ ముంబయిలో జూనియర్ కాలేజీ లెక్చరరు, మా అమ్మాయి గ్రేస్ ఎనిమిదో తరగతి. ఆరు నెలలు చూద్దాం అనుకున్నాం. ఆరు నెలల ప్రొబేషన్ తొమ్మిది నెలలకు పెరిగింది. నేను కొండాపూర్‌లో రెండు గదుల ఫ్లాటు తీసుకున్నాను. తెచ్చిన పదకొండు అట్టపెట్టెల్లో మూడే విప్పాను. శుక్రవారం సాయంత్రం ముంబయి, ఆదివారం రాత్రి మళ్లీ హైదరాబాద్. దారిలో బస్సు బీదర్‌కు దగ్గర్లోంచే వెళ్లేది, నేను దిగేదాన్ని కాదు.

మా అమ్మ సువార్తమ్మ బీదర్ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మాలో కొత్త ఇంట్లో దిగితే ముందు ఇంటి ప్రార్థన పెట్టాలి. పాస్టరు గారు, సంఘంలోని ఆడవాళ్లు వచ్చి పాటలు పాడి ప్రార్థన చేస్తే గానీ అది ఇల్లు కాదు. ప్రార్థన ఎప్పుడని అమ్మ ఫోను చేసినప్పుడల్లా, ఇంకా సర్దుకోలేదమ్మా అనేదాన్ని. అది నిజమే. సర్దుకునే ఉద్దేశమూ లేదు.

మన్నళ్ళి నర్సారెడ్డి

నాకు అప్పజెప్పిన మొదటి కంపెనీ ఎక్కడో కాదు, బీదర్‌లోనే. మందుల కంపెనీలకు కావలసిన ముడి రసాయనాలు చేసే ఫ్యాక్టరీ. యజమాని నర్సారెడ్డి గారిది బీదర్ దగ్గరి పల్లె మన్నళ్ళి. తాతల కాలం నుంచి అక్కడ సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబం. ఆయన రసాయనశాస్త్రం చదివి, హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో పదేళ్లు నౌకరీ చేసి, తిరిగొచ్చి ఊరికి దగ్గరలో చిన్న షెడ్డు వేశారు. అది నూట నలభై మంది పనిచేసే ఫ్యాక్టరీ అయింది. పనివాళ్లలో సగం మంది మన్నళ్ళి చుట్టుపక్కల రైతుల పిల్లలే.

మా ఫండు సగం డబ్బు ఇచ్చింది. రెండో సగం, ఫ్యాక్టరీ వాళ్లు చెప్పినట్టు మూడు షిఫ్టులూ నడుస్తోందని మేం చూసి తృప్తిపడ్డాక. ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. యజమాని చెప్పింది అబద్ధమని తేలితే ఆయన పక్కకు తప్పుకోవాలి, నడపడానికి మేం మనిషిని పెడతాం. ఇలాంటి షరతు అన్ని ఒప్పందాల్లోనూ ఉంటుంది, ఎవరూ దాని జోలికి పోరు. కానీ సంతకం పెట్టేటప్పుడు నర్సారెడ్డి గారు ఆ పేజీ దగ్గర ఆగి రెండుసార్లు చదవడం నేను చూశాను.

ఆయనతో నేను మొదటి రోజు నుంచీ హిందీలో, ఇంగ్లీషులో మాట్లాడాను. మాది బీదరే అని చెప్పలేదు. ముంబయి పాఠం. ఆయనా అడగలేదు. ఒకటి రెండుసార్లు నన్ను అదోలా చూసి టీ తాగుతారా అన్నారు, వద్దన్నాను.

పావుగంట

క్రిస్మస్‌కు ముంబయి వెళ్లి, రెండు రోజుల పనికి హైదరాబాద్ వచ్చాను. కొత్త సంవత్సరం ఆరాధనకు మళ్లీ ముంబయిలో ఉండాలి. ఆ శుక్రవారం మధ్యాహ్నం జహీరాబాద్ మీదుగా కారులో వెళ్లి, దారిలో ఫ్యాక్టరీ చూసుకుని, హుమ్నాబాద్ దగ్గర ముంబయి బస్సు పట్టుకోవాలని నా పథకం. చెప్పకుండా వెళితే నిజం కనబడుతుంది కదా, ఒక్క దెబ్బకు రెండు పనులు అనుకుని మురిసిపోయాను.

గేటు మూసి ఉంది. బాయిలర్ గొట్టంలోంచి పొగ లేదు. రెండో షిఫ్టు లోపలికి వెళ్లాల్సిన సమయం, ఒక్క సైకిలు లేదు, ఒక్క మనిషి లేడు. తెలంగాణ వైపు నుంచి ఆ మధ్యే పనికి వచ్చిన వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. సార్ ఏరని అడిగాను.

"ఎవ్వరు లేరమ్మా. అందరు చేన్లకు పోయిండ్రు. సార్ గూడ పోయిండు."

కంది కోతల కాలం. పనివాళ్లు రైతుల పిల్లలు. లెక్క సరిగ్గా సరిపోయింది. కోతలొస్తే పనివాళ్లు పొలాలకు పోతారు, ఫ్యాక్టరీ మూతపడుతుంది, యజమానీ తన పొలం చూసుకోవడానికి పోతాడు, మాకు మాత్రం మూడు షిఫ్టులని చెబుతాడు. సార్‌కు ఫోను చేయనా, వచ్చేదాకా కూర్చుంటారా అని వాచ్‌మన్ అడిగాడు. బస్సుకు టైమవుతోంది. వద్దన్నాను. ఫోటోలు తీసుకున్నాను. మంచినీళ్లిస్తే అవీ తాగలేదు. మొత్తం పావుగంట. మా అమ్మ ఇల్లు అక్కడికి పది నిమిషాల దూరం, అటు కూడా వెళ్లలేదు.

శనివారం ముంబయిలో కూర్చుని, వాచ్‌మన్ మాటతో సహా నోట్ రాశాను. ఒకటిన్నర పేజీ. గర్వంగా ఉందని దాచడం ఎందుకు, చాలా గర్వంగా ఉంది. తొమ్మిది నెలలుగా నేను చేసిన చెప్పుకోదగ్గ పని అదే. సాయంత్రానికి శేషగిరి గారు ఫోను చేసి బాగా పట్టుకున్నావమ్మా అన్నారు. సోమవారం పొద్దున్నే నర్సారెడ్డికి ఉత్తరం వెళుతుందని చెప్పారు. వారంలో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే షరతు అమలు చేస్తాం.

మా అమ్మ ఫోను

ఆదివారం చర్చి అయ్యాక అమ్మతో మాట్లాడటం అలవాటు. ఆ రోజు అమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. జలుబా అంటే, ఎండలో కూర్చుని పాటలు పాడితే ఏమవుతుంది అంది. ఎక్కడ పాడావన్నాను.

"శుక్రారం మన్నళ్ళి పోయినం గద. నర్సారెడ్డి చేన్ల. ఆయన కోడలికి రెండు కాన్పులు నేనే చేసిన, ఏడాదికోపారి పిలుస్తరు. వాని ఫ్యాక్టరీ పనోల్లంత పిల్లజెల్లతోటి ఆడ్నే ఉండిరి. ఎళ్ళమాస కాదు?"

ఎళ్ళమావాస్య. అమ్మ ఎళ్ళమాస అన్నది దాన్నే. పుష్య మాసానికి ముందొచ్చే అమావాస్య. ఆ రోజు బీదర్ సీమలో ఊళ్లు ఖాళీ, చేలు నిండుగా ఉంటాయి. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులన్న భేదం లేకుండా పొలం ఉన్నవాడు లేనివాణ్ణి పిలుస్తాడు. చేను మధ్య జొన్న చొప్పతో గుడిసె కట్టి, అందులో రాళ్లు పెట్టి పూజ చేసి, గట్ల వెంట అన్నం చల్లి, ఆ తర్వాత అందరూ కింద కూర్చుని సజ్జ రొట్టెలు, పచ్చి కాయలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జి, పుల్లటి అంబలి తింటారు. చిన్నప్పుడు క్రిస్మస్ సెలవుల్లో అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ వెళ్లేదాన్ని. మా ఇంట్లో గోడకు వేలాడే సంఘం క్యాలెండరులో అమావాస్యలుండవు. ఎవరో పిలుస్తారు, వెళతాం. తేదీ నేనెప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. పదిహేడేళ్లకు ఊరు దాటాక పిలిచేవాళ్లూ లేరు.

ఏడాదిలో ఏ ఫ్యాక్టరీ గొట్టమూ పొగ వదలని ఆ ఒక్క రోజున నేను గేటు దగ్గర నిలబడి ఫోటోలు తీశాను. బయటివాళ్లెవరైనా అయితే ముందు ఎవరినైనా అడిగి ఉండేవారు. నాకు అన్నీ తెలుసు కాబట్టి అడగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చ గెలిచి ఇంటి దారి మరిచాను.

అమ్మకు కొంత చెప్పాను. ఫండు సంగతి కాదు, శుక్రవారం ఆ గేటు దాకా వచ్చానన్న సంగతి.

"బీదర్ దాక వచ్చి ఇంటికి రాకపోతివా" అంది.

ఆ రోజు నాకు పడిన రెండు దెబ్బల్లో అదే గట్టిది.

వెనక్కి తెచ్చుకోవలసిన ఉత్తరం

ఇక్కడ చిన్నవాళ్లకు ఒక మాట సూటిగా చెబుతాను. ఆ రాత్రి నాకు ఊరుకుందామనిపించింది. నోట్‌లో అబద్ధం లేదు. సంజాయిషీ ఇచ్చుకునేది ఆయన, పండగని ఆయనే చెప్పుకుంటాడు, నేను ఆశ్చర్యపోయినట్టు ముఖం పెడితే సరిపోతుంది. ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి అది తెలివైన దారే. కానీ ఆయన ఆ పేజీ దగ్గర ఆగి రెండుసార్లు చదవడం కళ్లముందు కదిలింది. తన చేత్తో కట్టిన ఫ్యాక్టరీలోంచి తనను బయటికి పంపే కాగితం నా కారణంగా ఆయన ఇంటికి వెళుతోంది. ప్రభాకర్‌తో చెబితే ఒకటే మాటన్నాడు, పొద్దున విమానానికి టికెట్టు చూస్తాను అని.

శేషగిరి గారి గదికి వెళ్లేసరికి ఉత్తరం అప్పటికే మనిషి చేత వెళ్లిపోయింది. జరిగిందంతా చెప్పాను. మా ఊరు బీదరని, మా అమ్మకు ఆ ఇంటితో పరిచయం ఉందని కూడా చెప్పాను. ఆయన కోప్పడితే బాగుండేది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూసిందాంట్లో తప్పు లేదమ్మా. కూర్చోమంటే కూర్చోకుండా వచ్చేశావు చూడు, అదే తప్పు. నువ్వింకా బ్యాంకులోనే ఉన్నావు. వెళ్లు, ఆ ఉత్తరం నీ చేత్తో వెనక్కి తెచ్చుకో."

నన్ను తీసేస్తారా అని అడగలేకపోయాను. ఆయనా చెప్పలేదు.

ఫ్యాక్టరీకి చేరేసరికి మధ్యాహ్నం రెండు. గొట్టంలోంచి పొగ వస్తోంది. నర్సారెడ్డి గారి బల్ల మీద ఉత్తరం, దాంతో జతచేసిన నా నోట్ విప్పి ఉన్నాయి. ఆయన మొహం నల్లబడిపోయింది. నేను తెలుగులో మొదలుపెట్టాను, మా తెలుగులో. తప్పయింది, ఎళ్ళమాస అని నాకు యాదికి రాలేదు అన్నాను. ఆయన ఉత్తరం పక్కకు జరిపారు.

"సువార్తమ్మ బిడ్డవని నాకు మొదటి దినం నుంచి ఎర్కనే. నీ అంతట నువ్వే చెప్తవని ఊకున్న" అన్నారు. తర్వాత నా నోట్ మీద వేలు పెట్టారు. "ఇందుల ఒక్క మాట గూడ అబద్ధం లేదు. గేటు బంద్ ఉండె, బాయిలర్ బంద్ ఉండె, మనుషులు లేకుండిరి. అన్ని నిజమే రాసినవ్. గని ఎందుకు పోయిండ్రని ఒక్క మాట అడగకపోతివి బిడ్డా."

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆఫీసులో ఏడవకూడదని ముంబయిలో నేర్చుకున్న పాఠం కూడా ఆ రోజే పోయింది. ఆయన షిఫ్టుల రిజిస్టరు తెప్పించారు. సంవత్సరం మొదట్లోనే ఆ రోజుకు సెలవని రాసి ఉంది. దానికి బదులు అంతకు ముందే ఒక ఆదివారం పని చేశారు. బాయిలర్ కడగడం కూడా ఏటా ఆ రోజే పెట్టుకుంటారు. ఉత్తరం వెనక్కి తీసుకుంటామని, మర్చిపొమ్మని అన్నాను.

"వాపస్ తీస్కపోతే అయిపోతదా? మళ్ల ఇంకోడు వస్తడు, గేటు కాడ్నే నిలవడి ఇంకోటి రాస్తడు. వారం దినాలు ఈడ్నే ఉండు. మూడు షిఫ్టులు సూడు. మంచిగుంటే మంచిగున్నదని రాయి, గలీజుగుంటే గలీజుగున్నదని రాయి. మీ అమ్మను సూసి రాయకు, నన్ను సూసి రాయకు."

ఆ తర్వాత టీ తెప్పించారు. రెండు కప్పులు తాగాను.

వారం దినాలు

అమ్మ ఇంట్లో మంచం వేసుకుని ఏడు రోజులు ఫ్యాక్టరీకి తిరిగాను. నా పరిచయం అడ్డు రాకూడదని శేషగిరి గారు రిజిస్టర్లు చూడటానికి వేరే సహోద్యోగిని పంపారు, అదే సరైన పద్ధతి. షిఫ్టులు మూడూ నిజమే. పనివాళ్లకు యజమాని అంటే భయం లేదు, గౌరవం ఉంది. కోతలకు పోయేవాళ్లు తమకు బదులుగా తమ్ముణ్ణో బావమరిదినో ముందే నేర్పించి పెట్టుకుంటారు. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా నేను అంత చక్కటి ఏర్పాటు చూడలేదు.

అయితే ఒక లోపం దొరికింది. నాలుగో రోజున పంపు దగ్గర కూర్చున్న ముసలాయనతో మాటల్లో పడితే, చైత్రం వచ్చేసరికి బోర్లు సగానికి పడిపోతాయని, ట్యాంకర్ల మీద నడుపుతామని చెప్పాడు. ఫ్యాక్టరీ రెండింతలు చేయడానికి మేం డబ్బిస్తున్నాం. రెండింతలకు నీళ్లెక్కడివి? పోయినసారి పావుగంటలో నేను మనుషుల్ని అనుమానించాను, నీళ్లను చూడలేదు. నర్సారెడ్డి గారిని అడిగితే ఆయన గొంతు పెరిగింది. మా బాయి మా తాత కాలం నుంచి ఎండలేదన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి, ఇంత మంచి మనిషైనా సరే. మంచివాళ్ల లోపాలు రాయడమే ఈ ఉద్యోగంలో కష్టమైన పని. కానీ ఆయనే కదా గలీజుగుంటే గలీజుగున్నదని రాయమన్నది. రాశాను. షిఫ్టుల గురించి నా మొదటి నోట్ తప్పని రాసి, నీళ్ల గురించి రెండు పేజీలు రాశాను. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఫండు కమిటీ రెండో సగం ఇచ్చింది. అందులో మొదటి ఖర్చు నీళ్ల నిల్వకూ, వాడిన నీళ్లు శుభ్రం చేసి మళ్లీ వాడుకునే ఏర్పాటుకూ పెట్టాలని షరతు. తర్వాత రెండో ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి చుట్టుపక్కల రెండు మూడు షెడ్లు మూతపడ్డాయి, మాది ఒక్క షిఫ్టు కూడా ఆగలేదు. నువ్వు చెప్పింది నిజమేనని ఆయన ఎన్నడూ అనలేదు. ఆ ఏడు మాత్రం మా ఇంటికి మన్నళ్ళి నుంచి ఒక బస్తా కందిపప్పు వచ్చింది.

నా ఉద్యోగం పోలేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పెంచారు, అది న్యాయమే.

లారీ

ఆ వారం మధ్యలోనే ప్రభాకర్‌కు ఫోను చేసి, వచ్చేయండి అన్నాను. ఆ మాట అనడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. ఊరు మారడమంటే టికెట్టు కొనడం కాదని, పని మారితే మనిషి కూడా అక్కడికి రావాలని ఆ గేటు దగ్గరే అర్థమైంది. సగం ముంబయిలో, సగం హైదరాబాద్‌లో ఉన్నదాన్ని బస్సు టైము చూసుకుంటానే గానీ మనిషి కోసం ఆగను. దీన్ని అందరికీ నియమంగా చెప్పడం లేదు. ఇల్లు కదిలించలేని పరిస్థితులు ఎన్నో ఉంటాయి. అలాంటప్పుడు బ్యాంకులోనే ఉండండి, అదీ గౌరవమైన పనే. ఇల్లరికానికి ఒప్పుకుని సూట్‌కేసు తలుపు పక్కన పెట్టుకోవద్దంటున్నాను, అంతే.

గ్రేస్ మా ఇద్దరితోనూ నెల రోజులు సరిగా మాట్లాడలేదు. స్నేహితులను వదిలి రావడం దానికి చిన్న విషయం కాదు, నేనూ చిన్నది చేసి మాట్లాడలేదు. ప్రభాకర్ హైదరాబాద్‌లో ఒక కాలేజీలో తక్కువ జీతానికి చేరడానికి ఒప్పుకున్నాడు. ఆ సంగతి ఇరవై ఏళ్లుగా రోజుకోసారి గుర్తుచేస్తూనే ఉన్నాడు. జూన్‌లో సామానంతా లారీకెత్తించి వెనకే కారులో వచ్చాం. బీదర్ సీమలోకి వచ్చి మంగళగి ఊరు దాటాక లారీ టైరు పేలింది. రోడ్డు పక్క చెట్టు కింద చాప పరుచుకుని మూడు గంటలు కూర్చున్నాం. పక్క చేలో దున్నుతున్న ఆవిడ మమ్మల్ని చూసి వచ్చి, ఎక్కడి వాళ్లని, ఎందుకు ఆగారని, తిన్నారా అని వరసగా అడిగి, రొట్టెలు తెచ్చిచ్చింది. మా అమ్మాయి రెండు రొట్టెలు తిని, అమ్మా, వీళ్లు ఇన్ని ప్రశ్నలు అడుగుతారేం అంది హిందీలో. అడగడం మంచిదేలే అన్నాను.

ఇంటి ప్రార్థనకు అమ్మ బీదర్ నుంచి ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. హాల్లో ఇంకా కట్టి ఉన్న పెట్టెలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మూటలు కట్టిపెట్టుకున్న ఇంట్ల ఏం ప్రార్థన చేస్తం? ముందు ఇప్పుండ్రి" అంది.

ఆరుగురూ కొంగులు బిగించారు. పాస్టరు గారు కూడా చొక్కా చేతులు మడిచి వంటింటి సామాను పట్టారు. మధ్యాహ్నానికల్లా నా పాతవాటిలో మిగిలిన ఎనిమిది, కొత్తగా వచ్చిన ఇరవై ఏడు పెట్టెలూ ఖాళీ. ఆ తర్వాతే పాట ఎత్తుకున్నారు.

ఆ డిసెంబరులో ఎళ్ళమావాస్యకు నలుగురం మన్నళ్ళి చేలో ఉన్నాం. నర్సారెడ్డి మామ అంబలి తన చేత్తో పోశారు. అప్పటికి నేను ఆయన్ని మామ అనడం మొదలుపెట్టాను, బోర్డు మీటింగులో మాత్రం గారు అనేదాన్ని.

సవిత అడిగిన మాట

ఏడేళ్ల తర్వాత మా వాటా మంచి ధరకు అమ్ముకుని ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చాం. అంతకంటే పెద్ద కంపెనీలు చాలా చూశాను, కొన్ని బాగుపడ్డాయి, రెండు మునిగాయి. అయినా నా బల్ల సొరుగులో ఉండిపోయింది ఆ మొదటి నోట్ ఒక్కటే. చింపేద్దామనుకుంటే నర్సారెడ్డి మామే వద్దన్నారు. పనికొస్తది, ఉంచుకో అన్నారు.

నిజంగానే పనికొచ్చింది. ఫండులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఆ ఒకటిన్నర పేజీ ఇచ్చి, ఇందులో తప్పెక్కడుందో చెప్పమనేదాన్ని. మంచి కాలేజీల్లో చదివిన తెలివైన పిల్లలు. ఒకరు ఉత్పత్తి లెక్కలు సరిపోలేదనేవారు, ఒకరు ఫోటోలు చాలవనేవారు, ఒకరు షరతు వెంటనే అమలు చేయాల్సింది, ఆలస్యం చేశారనేవారు. అసలు సంగతి నేను చెప్పాక అందరూ తలూపేవారు. ముందే కనిపెట్టినవాళ్లు పదేళ్లలో ఒక్కరూ లేరు.

నేను రిటైరయ్యే ఏడు సవిత అనే అమ్మాయి చేరింది. మా బీదర్ జిల్లా కుశనూర్ నుంచి వచ్చింది, రైతు కుటుంబం, కన్నడ మీడియంలో చదివి సి.ఎ. అయింది. ఇంగ్లీషులో మాట్లాడాలంటే కొంచెం బెదురు. నోట్ ఇచ్చాను. అది చదివి, మళ్లీ మొదటికొచ్చి చదివి, తలెత్తింది.

"మేడం, డిసెంబరు ఆఖరు. అందరు చేన్లకు పోయిండ్రని రాసిండ్రు. ఆ దినం ఎళ్ళమాస ఉండెనా?"

నీకెట్ల తెలిసిందని అడిగాను, మా సీమ మనిషి కాబట్టి తెలిసిపోయి ఉంటుందని అనుకుంటూనే.

"నాకు తెల్వదు మేడం" అంది సవిత. "అందుకే అడుగుతున్న."

కాగితం ఆ అమ్మాయి చేతిలోనే ఉంచేశాను. సొరుగు ఖాళీ చేసుకుని, అమ్మ దగ్గరికి బీదర్ వచ్చేశాను. ఈసారి ఇంటికే వచ్చాను.